ఎవరి చొక్కా, ఎవరి జీతం: తులసీదాస్ బలరాం స్మారకోపన్యాసం

ఆటగాడి జీవితాన్ని అంచనా కట్టేవారు మామూలుగా గోల్స్ లెక్క, పతకాల లెక్క చూస్తారు. ఆ లెక్కలు అవసరమైనవే గాని, వాటి వెనుక మరొక లెక్క కూడా ఉంటుంది: ఆ మనిషికి బూట్లు ఎవరు సమకూర్చారు, మైదానానికి వెళ్ళే దారిఖర్చు ఎవరు పెట్టుకున్నారు, ఒంట్లో సత్తువ తగ్గిన రోజున నెల జీతం ఎవరు ఇచ్చారు అన్న ఈ లెక్క తేలనిదే ఏ ఆటగాడి చరిత్రా పూర్తి కాదు. 1936లో సికింద్రాబాద్ సైనిక స్థావరం పక్కన ఉన్న అమ్ముగూడలో పుట్టి, రెండు ఒలింపిక్స్‌లోనూ ఒక ఆసియా క్రీడల విజయంలోనూ భారతదేశం తరఫున ఫుట్‌బాల్ ఆడి, 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూసిన తులసీదాస్ బలరాం జీవితాన్ని ఈ రెండో లెక్కతో కలిపి చదవడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం. దీన్ని విశాఖ ఉక్కు కర్మాగారం పక్కన ఉన్న కూర్మన్నపాలెంలో చదవడానికి కారణం ఉంది. ఆర్ కార్డు అంటే ఏమిటో, అంటే ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన కుటుంబానికి ఉద్యోగంపై హక్కు చెప్పే పునరావాస పత్రం విలువ ఏమిటో, దాన్ని పట్టుకుని దశాబ్దాల తరబడి ఎదురుచూడడం ఎలాంటిదో, వివరించి చెప్పవలసిన అవసరం లేని ఊరు ఇది.

ముందుగా బలరాం స్థానమైన ‘ఫార్వర్డ్’ అనే మాటను తేటపరచుకోవాలి, ఎందుకంటే అది ఒక్కో ఆటలో ఒక్కో పనికి పేరు. ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్ అంటే అందరికంటె ముందు వరసలో నిలిచి గోల్ కొట్టవలసినవాడు. బలరాం కాలంలో పుస్తకాల్లో చెప్పే పాత అమరికలో ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫ్‌లు, ఐదుగురు ఫార్వర్డులు ఉండేవారు. ఆ ఐదుగురిలో ఇద్దరు మైదానం అంచుల్లో పరుగెత్తే ‘అవుట్‌సైడ్’లు, ఇద్దరు వారికి లోపలివైపు ఆడే ‘ఇన్‌సైడ్’లు, ఒకడు నడిమి సెంటర్ ఫార్వర్డ్. రగ్బీ లీగ్ అనే ఆటలో పరిస్థితి వేరు. జట్టుకు పదమూడు మంది ఉండి, బంతిని చేతులతో పట్టుకుని పరుగెత్తే ఆ ఆటలో బంతిని ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. అక్కడ ఫార్వర్డులు ఆరుగురు, వారి పని ఎదుటి జట్టు గోడలోకి బంతితో దూసుకుపోవడం, పడడం, లేవడం, మళ్ళీ దూసుకుపోవడం. స్కోరు చేసిన కీర్తి ఎక్కువగా అంచుల్లో పరుగెత్తేవారిదే అవుతుంది, ఒంటి మీద దెబ్బలు మాత్రం ఫార్వర్డులవి.

ఎక్కడి రగ్బీ, ఎక్కడి బలరాం అని అనిపించవచ్చు. ఆట వల్ల బతుకు ఎలా గడవాలన్న ప్రశ్నను బాహాటంగా వేసిన ఆట అది గనుక ఇక్కడ దాని ప్రస్తావన తప్పదు. 1895లో ఉత్తర ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్ పట్టణంలో ఒక హోటల్‌లో సమావేశమైన క్లబ్బులు మాతృసంఘం నుంచి విడిపోయాయి. తగాదాకు మూలం ఆట నియమాలు కావు, కూలి డబ్బులు. శనివారం ఆట కోసం గనిలోనో మిల్లులోనో పూట పని మానుకున్న కార్మికుడికి ఆ పూట కూలి క్లబ్బు ఇవ్వవచ్చా, ఇవ్వకూడదా అన్నదే వివాదం. ఇవ్వకూడదన్నవారి ఆట రగ్బీ యూనియన్‌గా, ఇవ్వాలన్నవారి ఆట కాలక్రమంలో రగ్బీ లీగ్‌గా మారింది. బొగ్గు గనులు, ఉక్కు కొలుములు, రేవులు ఉన్న వేల్స్ దేశం యూనియన్ వైపే ఉండిపోయింది. అందువల్ల ఆట మీద బతకదలచిన వేల్స్ యువకుడు ఇల్లు విడిచి ఉత్తర ఇంగ్లండ్‌కు వెళ్ళవలసి వచ్చేది. అలా వెళ్ళి డబ్బు తీసుకున్నవాడికి సొంత ఊరి యూనియన్ ఆటలో మళ్ళీ చోటు దొరికేది కాదు. యూనియన్ 1995లో డబ్బును ఒప్పుకునేదాకా ఈ వెలి కొనసాగింది.

కార్డిఫ్ రేవు పక్కన టైగర్ బే అని పేరుపడిన పేట నుంచి వచ్చిన కాలిన్ డిక్సన్ ఈ దారిలో నడిచినవాడే. 1943లో పుట్టిన ఈ నల్లజాతి యువకుడు 1961లో హాలిఫాక్స్ క్లబ్బుకు వెళ్ళి, రెండో వరస ఫార్వర్డ్‌గా స్థిరపడి, 1968లో సాల్ఫర్డ్‌కు మారినప్పుడు ఆ మార్పిడికి కట్టిన విలువ 15,000 పౌండ్లు. ఆ ఆటలో అప్పటికి అది రికార్డు. వేల్స్ జట్టుకూ గ్రేట్ బ్రిటన్ జట్టుకూ ఆడిన ఆయన 1993లో యాభై ఏళ్ళు నిండకముందే మరణించాడు. అదే రేవుపేటల నుంచి ఉత్తరానికి వెళ్ళిన ముగ్గురు రగ్బీ లీగ్ ఆటగాళ్ళ విగ్రహాన్ని కార్డిఫ్‌లో 2023లో గాని నిలబెట్టలేదు. ఊరు విడిచిన ఆటగాడిని ఊరు గుర్తు చేసుకోవడానికి ఎంత కాలం పడుతుందో ఈ సంగతి చెబుతుంది. బలరాం విషయంలో ఆ కాలం ఇంకా నడుస్తూనే ఉంది.

హైదరాబాద్‌లో 1950ల నాటికి ఆటగాడికి అన్నం పెట్టిన సంస్థ పోలీసు శాఖ. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1950 నుంచి 1963లో మరణించేవరకు భారత జట్టు శిక్షకుడు కూడా ఆయనే. బంతిని గాలిలోకి బాదడం కాక నేల మీద పొట్టి పాసులతో నడిపించడం, ఎడమ కాలూ కుడి కాలూ ఒకే తీరున పనిచేసేలా సాధన చేయించడం, ప్రతి ఆటగాడు తన స్థానం దాటి అవసరమైన చోటికి కదలడం ఆయన నేర్పిన ఆటకు లక్షణాలు. పంతులు కావడం ఆయన శిక్షణలో స్పష్టంగా కనిపిస్తుంది: పాఠం అర్థం కాని పిల్లవాడిని తిట్టి పంపకుండా, పాఠం చెప్పే పద్ధతే మార్చుకునే ఓర్పు ఆయనది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టులో హైదరాబాద్‌వారు చాలామంది ఉండడం యాదృచ్ఛికం కాదు. ఒక నగరంలో ఒక శాఖ ఉద్యోగాలు ఇచ్చింది, ఒక పంతులు పాఠం చెప్పాడు, తక్కినది కుర్రాళ్ళు చూసుకున్నారు.

బలరాం తల్లిదండ్రులు తమిళులు. సైనిక స్థావరాల చుట్టూ అల్లుకున్న సికింద్రాబాద్ బస్తీలలో తమిళం, తెలుగు, ఉర్దూ కలిసి వినబడే వాతావరణంలో ఆయన పెరిగారు. ఇంట్లో పేదరికం. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పడేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే మనిషి దగ్గరకు తీసుకెళ్ళి ఆట బూట్లుగా మార్పించుకున్నారని ఆయన కథ తెలిసినవారు చెబుతారు. ఈ వివరం దగ్గర కాస్త ఆగాలి. పోలీసు బూటు నడకకు, కవాతుకు చేసినది. మడమ ఎత్తు, అడుగు నున్నన. తడిసిన పచ్చిక మీద జారకుండా నిలవాలంటే ఆ అడుగుకు తోలు ముక్కలు మేకులతో దిగగొట్టాలి, కొన్ని ఆటలకే ఆ మేకులు పైకి పొడుచుకొచ్చి పాదానికి గుచ్చుకుంటాయి. ఒక శాఖ పారేసిన వస్తువు మీద నిలబడి ఆట నేర్చుకున్న కుర్రవాడు తరువాతి కాలంలో ఆ శాఖ జట్టు కీర్తికి సాటిరాగల కీర్తి సంపాదించాడు.

రైడర్స్ క్లబ్ తరఫున హైదరాబాద్ లీగ్‌లో ఆడుతుండగా బలరాం రహీం కంట పడ్డారు. సంతోష్ ట్రోఫీ, అంటే రాష్ట్రాల జట్ల మధ్య జరిగే జాతీయ పోటీ, అందుకోసం జరిగే ఎంపిక శిబిరానికి రమ్మని రహీం పిలిచినప్పుడు అంత దూరం రావడానికి తన దగ్గర సైకిల్ లేదన్నారనీ, అద్దె సైకిల్‌కు డబ్బులు రహీమే ఇచ్చారనీ చెబుతారు. అద్దె సైకిల్ దుకాణాల కాలం ఎరిగినవారికి ఆ మొత్తం ఎంత చిన్నదో తెలుసు. ఆ చిన్న మొత్తమే లేకపోతే ఆ ఏడాది ఆ శిబిరంలో బలరాం ఉండేవారు కారన్నదీ అంతే నిజం. 1956-57లో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌ది అయింది. అదే 1956 చివరిలో, ఇరవై ఏళ్ళ వయసులో, ఆయన మెల్‌బోర్న్ జట్టులో ఉన్నారు. ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, అక్కడ యుగోస్లావియా చేతిలో 1-4తో, కంచు పతకం పోటీలో బల్గేరియా చేతిలో 0-3తో ఓడిన భారత్ నాలుగో స్థానంలో నిలిచింది.

1957లో ఆయన కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. వేల్స్ కుర్రాళ్ళు ఉత్తరానికి వెళ్ళినట్టే హైదరాబాద్ కుర్రాళ్ళు కలకత్తాకు వెళ్ళేవారు. ఒక తేడా మాత్రం ఉంది. అక్కడ వెళ్ళినవాడిని వెలివేసేవారు, ఇక్కడ వెళ్ళినవాడు కాగితం మీద అమెచ్యూర్‌గానే, అంటే ఆట కోసం ఆడే మనిషిగానే మిగిలేవాడు. దేశం తరఫున ఆడే అర్హతకు దీనివల్ల లోటు రాలేదు గాని, ఆటగాడికీ క్లబ్బుకూ మధ్య రాతపూర్వకమైన హక్కులంటూ ఏవీ లేకుండా పోయాయి. క్లబ్బు ఆదరించినంత కాలం మహరాజు, ఆదరణ తప్పితే అడిగే దిక్కు లేదు. ఈ ఏర్పాటు ఆటగాళ్ళకు అన్యాయం చేసిందనడానికి సంకోచించనక్కరలేదు. వెలికి గురైనా డిక్సన్‌కు తన విలువ ఎంతో అంకెల్లో తెలిసింది. బలరాం తరంవారికి ఆ అంకె ఎన్నడూ తెలియలేదు.

ఈస్ట్ బెంగాల్‌లో గడిపిన ఆరు సీజన్లు ఆయన ఆటకు నిండు కాలం. 1958లో ఐఎఫ్ఏ షీల్డ్, 1960లో మోహన్ బగాన్‌తో పంచుకున్న డ్యూరాండ్ కప్ వచ్చాయి. బెంగాల్ చొక్కాతోనూ సంతోష్ ట్రోఫీ గెలిచారు. 1961లో నాయకత్వం ఆయనకు దక్కింది. 1952 తరువాత కలకత్తా లీగ్ గెలవని ఆ క్లబ్బు ఆ ఏడాది గెలిచింది, 23 గోల్స్‌తో లీగ్‌లో అందరికంటె ఎక్కువ గోల్స్ చేసినవాడూ నాయకుడే. తొమ్మిదేళ్ళ నిరీక్షణ అంటే కలకత్తా మైదాన్‌లో, చెక్క బల్లల గ్యాలరీల మీద వానలో తడుస్తూ కూర్చునే జనానికి, ఒక తరం ఎదిగినంత కాలం. 1962లో రోవర్స్ కప్‌ను ఈస్ట్ బెంగాల్ ఆంధ్ర పోలీసు జట్టుతో పంచుకుంది. హైదరాబాద్ పోలీసు జట్టుకు రాష్ట్రావతరణ తరువాత వచ్చిన పేరే ఆంధ్ర పోలీసు. తాను పాత బూట్లు వేసుకున్న శాఖ జట్టు ఒక పక్క, తనను పోషించిన క్లబ్బు మరొక పక్క నిలిచి ఒకే కప్పును పంచుకున్న ఆ ఏడాదే ఆయనకు ఆ క్లబ్బులో చివరిది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అయినా ఆ మూడు మ్యాచ్‌లు భారత ఫుట్‌బాల్ చరిత్రలో గర్వించదగినవని చెప్పవలసిందే. ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్న హంగేరీతో లాక్విలా పట్టణంలో జరిగిన తొలి మ్యాచ్‌లో రెండు గోల్స్ వెనుకబడ్డాక 79వ నిమిషంలో బలరాం ఒకటి తిరిగి కొట్టారు, స్కోరు 1-2. ఫ్రాన్స్‌తో పి.కె. బెనర్జీ గోల్‌తో ముందంజ వేసి చివరకు 1-1తో సమం చేశారు. పెరూ చేతిలో 1-3తో ఓడినప్పుడు ఆ ఒక్క గోల్ 88వ నిమిషంలో బలరాందే. రెండు గోల్స్ కూడా ఆట చివరి భాగంలో వచ్చాయన్నది గమనించదగ్గది. అవతలి జట్టు గెలుపు ఖాయమనుకుని కాళ్ళు కాస్త సడలించే సమయంలో కూడా ఈ మనిషి పరుగు తగ్గలేదు. ఫార్వర్డ్‌కు వేగం, గురి ఎంత అవసరమో, ఓడుతున్న ఆటను కూడా చివరిదాకా ఆటగానే ఆడే బుద్ధి అంతే అవసరం.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఉద్రిక్త వాతావరణంలో జరిగాయి. తైవాన్, ఇజ్రాయెల్ క్రీడాకారులను ఇండోనేసియా రానివ్వకపోవడాన్ని క్రీడల సమాఖ్యలో ఉన్న భారతీయ ప్రముఖుడు జి.డి. సోంధి తప్పుపట్టడంతో, అక్కడి జనం ఆగ్రహం భారత జట్ల మీదికి మళ్ళింది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తరువాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0, ఈ రెండింటిలోనూ బలరాం గోల్ ఉంది. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. బలరాం, పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి అనే ముగ్గురి పేర్లను భారత ఫుట్‌బాల్ అభిమానులు ఒకే ఊపిరిలో పలకడం ఈ ఆటలతో స్థిరపడింది. ఒకరు కుడి అంచున వేగం, ఒకరు నడుమ మెలకువ, బలరాం మాత్రం ఎడమ అంచునా లోపలా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. ఎడమ అంచు నుంచి లోపలికి కోసుకుంటూ వచ్చే ఫార్వర్డ్‌తో డిఫెండర్‌కు చిక్కు ఏమిటంటే, వెంట వెళితే తన వెనుక చోటు ఖాళీ అవుతుంది, వెళ్ళకపోతే వచ్చేవాడికి గోల్ ఎదురుగా చోటు దొరుకుతుంది. బలరాం కదలికల విలువ తన గోల్స్‌లో సగమే, తక్కిన సగం ఇతరుల గోల్స్‌లో ఉంది. గోల్స్ పట్టిక చూసి ఆయన స్థాయిని ఎంచేవారు ఆ రెండో సగాన్ని వదిలేస్తున్నారు.

సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. లక్ష మంది దాకా పట్టే సెనాయన్ స్టేడియంలో భారత జట్టు బంతి తాకినప్పుడల్లా గేలి. పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు గ్యాలరీలో కూర్చుని భారత జట్టును ఉత్సాహపరిచారని ఆ మ్యాచ్‌లో ఆడినవారు తరువాత చెప్పుకున్నారు. గోల్‌లో హైదరాబాద్‌కు చెందిన పీటర్ తంగరాజ్, ముందు వరసలో అదే నగరపు యూసుఫ్ ఖాన్, బలరాం. మామూలుగా వెనుక రక్షణలో ఆడే జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడిన గాయంతోనే సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడాడు. తొలి ఇరవై నిమిషాల్లోనే పి.కె., జర్నైల్ చెరొక గోల్ కొట్టారు, చివర్లో కొరియా ఒకటి తిరిగి ఇచ్చినా భారత్ 2-1తో గెలిచింది. అప్పటికే కేన్సర్ ముదిరిన రహీం ఆ పతకాన్ని తనకు కానుకగా అడిగారని జట్టు సభ్యులు చెప్పేవారు. 1963 జూన్ 11న ఆయన మరణించారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ ఆ తరువాత మళ్ళీ స్వర్ణం గెలవలేదు. బలరాంకు 1962 సంవత్సరానికి అర్జున అవార్డు దక్కింది.

1963లో ఆయన బిఎన్ఆర్ జట్టుకు మారారు. పాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పేరును, ఆ రైల్వే 1955లో ఆగ్నేయ రైల్వేగా మారాక కూడా, ఆ సంస్థ ఫుట్‌బాల్ జట్టు నిలుపుకుంది. ఇక్కడి నుంచి ఈ కథ విశాఖపట్నంతో ముడిపడుతుంది. 1933లో తెరుచుకున్న విశాఖ రేవును కట్టి నడిపినది ఈ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేయే. వాల్తేరు డివిజన్ 2003 వరకు ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. విశాఖ రేవు వార్ఫు మీద మోసిన మూటల వెనుకా, బలరాం వేసుకున్న చివరి చొక్కా వెనుకా ఒకే సంస్థ ఉంది. ఆ సంస్థ ఆయనకు ఇచ్చినది క్లబ్బు ఆదరణ వంటిది కాదు, ఉద్యోగం. ఈ తేడా అప్పుడే అక్కరకు వచ్చింది. ప్లూరసీ, అంటే ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే వాపు, ఆయనను పట్టుకుంది. ఊపిరి లోపలికి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల కింద కత్తితో పొడిచినట్టు నొప్పి పుట్టే ఆ జబ్బుతో తొంభై నిమిషాలు పరుగెత్తడం సాధ్యం కాదు. ఇరవై ఏడేళ్ళ వయసుకే అగ్రస్థాయి ఆట ముగిసింది. ఇంకా ఐదారేళ్ళు ఆడవలసిన మనిషి. రైల్వే జీతం లేకపోతే ఆ తరువాతి ఆరు దశాబ్దాల బతుకు ఏ తీరున ఉండేదో ఊహించడమే కష్టం. ఆటగాడిని పెంచినది శిక్షకుడూ మైదానమూ అయితే, ఆట పోయిన మనిషిని నిలబెట్టినది ప్రభుత్వరంగ ఉద్యోగం. ఆయన కుర్రాళ్ళకు శిక్షణ ఇస్తూ, హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపాడాలో స్థిరపడ్డారు, పెళ్ళి చేసుకోలేదు.

చునీ గోస్వామికి 1983లో, పి.కె. బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. ఆ త్రయంలో మూడోవాడికి మాత్రమే రాకపోవడం న్యాయం కాదు. అందుకు ఆయన నొచ్చుకున్నారన్నదీ దాచవలసిన విషయం కాదు, తాను చేసిన పని ఏపాటిదో తెలిసిన మనిషి నొచ్చుకోవడంలో తప్పు లేదు. పుట్టిన ఊరు ఇటు, ఆడిన ఊరు అటు అయినవారిని రెండు చోట్లా ‘మనవాడు’ అనే ధైర్యం ఎవరూ చేయరు. బెంగాల్ ఆయనను హైదరాబాదీగా, తెలుగు రాష్ట్రాలు కలకత్తావాడిగా లెక్కవేసి ఊరుకున్నాయి. రహీం జీవితం మీద 2024లో ‘మైదాన్’ అనే హిందీ చిత్రం వచ్చేదాకా తెలుగు కుర్రాళ్ళలో చాలామంది ఆ పేరే వినలేదు. చూసేందుకు బలరాం బతికి లేరు.

గాజువాక దాటి అనకాపల్లి వైపు వెళ్ళే జాతీయ రహదారి మీద, ఉక్కు కర్మాగారపు ముఖద్వారం దగ్గర ఉన్న ఈ కూర్మన్నపాలెం కూడలి 2021 ఫిబ్రవరి తరువాత కర్మాగారం ప్రైవేటీకరణను వ్యతిరేకించే దీక్షా శిబిరానికి చిరునామా అయింది. ప్రభుత్వరంగం ఉండాలా వద్దా అన్న వాదం ఇక్కడ వార్తాపత్రికల్లోది కాదు, ఇంటింటిది. ఆ వాదంలో టన్నులు, కోట్లు, గనులు లెక్కకు వస్తాయి. పోలీసు, రైల్వే, రేవు, ఉక్కు వంటి సంస్థలు ఆటగాళ్ళకు ఇచ్చిన ఉద్యోగాలు కూడా ఆ లెక్కలో చేరాలి, ఎందుకంటే 1956లోనూ 1962లోనూ భారత జట్టును నిలబెట్టినది సంపన్నుల బిడ్డలు కారు, జీతం ఉంటే తప్ప ఆడలేని కుర్రాళ్ళు. ఉక్కునగరం మైదానంలో ఏటా కుర్రాళ్ళకు జరిగే ఫుట్‌బాల్ పోటీలలో ఒక్కదానికైనా తులసీదాస్ బలరాం పేరు పెట్టాలనీ, గెలిచిన జట్టుకు కప్పుతో పాటు పదకొండు జతల కొత్త బూట్లు ఇవ్వాలనీ ఈ ప్రాంత క్రీడాభిమానులకు, కార్మిక సంఘాలకు విన్నపం.